నాలుగు వందల అరవై చుట్లు

2003 ఏప్రిల్ 8, మంగళవారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. భిలాయి సెక్టర్ 6లో 9/ఎ క్వార్టరు గుమ్మం ముందు సామ్యూల్ సైకిలు దిగాడు. ముందు చక్రం ఊచకు ఎర్ర గుడ్డ కట్టాడు. హ్యాండిల్ పట్టుకుని నడిపిస్తూ, గుడ్డ పైకి వచ్చినప్పుడల్లా ఒకటి లెక్కపెడుతూ బయల్దేరాడు.

ఇంగ్లిష్ మీడియం బడిలో ఒకటో తరగతికి నలభై సీట్లు. గుమ్మం నుంచి బడి గేటుకు రోడ్డు మీద కిలోమీటరు దాటకూడదు. ఫారంలో దూరం ఎవరికి వాళ్లే రాసిచ్చారు. శనివారం జాబితా అంటించారు. నలభై పేర్లు, ఒక గీత. సామ్యూల్ కూతురు జూడీ పేరు గీత కింద ఉంది. అభ్యంతరాలకు వారం గడువు.

ఆదివారం చర్చి అయ్యాక సామ్యూల్ ఉతై రోడ్డుకు వెళ్లాడు. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య ఈ చక్రాన్నే నడిపించాడు. కిలోమీటరుకు నాలుగు వందల యాభై అయిదు చుట్లు. టైరులో గాలి తగ్గితే చుట్లు పెరుగుతాయి. అందుకని ఈ ఉదయం గాలి మళ్లీ నిండా కొట్టాడు.

పాలబూత్ దగ్గరికి నూట పన్నెండు వచ్చాయి. గోవిందరావు అక్కడ క్యూలో ఉన్నాడు. స్టీల్ ప్లాంటులో లారీలు తూచే వెయ్‌బ్రిడ్జి దగ్గర పనిచేస్తాడు. రోజూ ఆరింటికి పాలకు వస్తాడు.

"ఏటిరా సామ్యూలూ, సైకిల్కి దిష్టి గుడ్డ కట్టీసేవు?"

"బడికి దూరం కొలుస్తున్నాను, బాబాయ్."

"జూడీ కోసమా? కొలువు, కొలువు. అది రాకపోతే నేనూ ఎల్నని మా మేఘన రాత్రి నుంచి ఒకటే పేచీ."

సామ్యూల్ చక్రం వైపు చూశాడు.

"ఒక్కడివే కొలిస్తే ఎవడు నమ్ముతాడ్రా? మా కాంటా దగ్గర రెండు సంతకాలు లేందే లారీ కదలదు. పద, నేను లెక్కెడతాను."

పాల ప్యాకెట్లు చేత్తో పట్టుకుని గోవిందరావు గేటు దాకా నడిచాడు. చుట్లు పైకే లెక్కపెట్టాడు. బూత్ నుంచి గేటుకు మూడు వందల నలభై ఎనిమిది. సామ్యూల్ ఆ అంకె కాగితం మీద వేశాడు. గోవిందరావు కింద సంతకం పెట్టాడు.

"మొత్తం ఎంతరా?"

"ఇంటికెళ్లి కూడతాను, బాబాయ్."

ఇంట్లో భార్య లూసీ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఎంతొచ్చిందండీ?"

"నాలుగొందల అరవై."

"అయిదు చుట్లకి పిల్ల సీటు పోతాదా?"

"రూల్ అదే."

"ఇంకో దారి లేదా?"

"పార్కు వెనక సందు కూడా చూశాను. గోడ కట్టీసేరు."

లూసీ గదిలోకి వెళ్లింది. మళ్లీ వచ్చింది. "కాగితం ఇవ్వకపోతేనో?"

"జూడీని ఎక్కడ చదివిస్తావు? స్మృతి నగర్ బడికి ఎల్లాలంటే రెండు బస్సులు మారాలి."

అతను ఏ పని మీద వెళ్తున్నా లూసీ ప్రార్థన చేసి పంపుతుంది. ఆ రోజు చెయ్యలేదు.

పదిన్నరకు సామ్యూల్ బడి ఆఫీసులో ఉన్నాడు. క్లర్కు అహల్య కాగితం తీసుకుంది.

"కౌన్ సా క్వార్టర్, భయ్యా?"

"నైన్ ఏ."

"గవాహ్ హై?"

సాక్షి సంతకం ఉన్నచోట సామ్యూల్ వేలు పెట్టి చూపించాడు. ఆమె ముద్ర కొట్టింది.

తర్వాత తొమ్మిది రోజులు అతను పాలకు వేరే బూత్‌కు వెళ్లాడు. డ్యూటీ నుంచి వస్తూ రోజూ నోటీసు బోర్డు చూశాడు.

ఏప్రిల్ 17 మధ్యాహ్నం మూడు గంటలకు అంటించిన కొత్త జాబితాలో, 9/ఎ క్వార్టరులో ఉండే గోవిందరావు మనవరాలు మేఘన పేరు కొట్టేసి, ఆ సీటు గీత కింద మొదటి పేరైన జూడీకి ఇచ్చారు.