టైటస్ వేసిన వల

పొద్దు గూకింది. ప్రమీలమ్మ గారి వసారాలో లైటు వెలగలేదు.

"టైటసూ, మా దీపానికి మళ్ళీ జబ్బు చేసిందయ్యా. వచ్చి చూడు," అని ఫోన్ చేసిందావిడ.

టైటస్ అప్పటికే ఉతికిన చొక్కా తొడిగి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టి, తల కూడా దువ్వుకున్నాడు. లైటు రిపేరుకు దువ్వెనతో ఏం పనని అడక్కండి.

వాకాడు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఆ వీధిలో అందరికీ వలలున్నాయి. వాళ్ళు నీళ్ళలో వేస్తారు. టైటస్ గాలిలో వేశాడు. బిట్రగుంటలో రైలు సిగ్నళ్ళు బాగుచేసి రిటైరై వచ్చాక, ఊరికే కూర్చోలేక ఊరికే పనికొద్దామనుకున్నాడు. ఇంటింటి వసారాకూ ఒక లైటు బిగించాడు. చీకటి పడగానే అవే వెలుగుతాయి, తెల్లారగానే అవే ఆరుతాయి. టైటస్ ఇంట్లో అరచేయంత కంప్యూటరు "వెలుగు" అంటుంది. పక్కింటి లైటు ఆ మాట విని, తన పక్కింటి లైటు చెవిలో ఊదుతుంది. పిసరంత కరెంటుతో వీధి చివరిదాకా కబురు చేరిపోతుంది. ఆ వీధిలో కబురు చేరడానికి ఆ పిసరు కూడా దండగే అనుకోండి.

దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, తలుపులు బార్లా తీసి పెట్టిన సరుకు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఉచితానుచితాలు మాత్రం వాడుకునేవాడికే వదిలేశారు.

టైటస్ స్టూలెక్కాడు. లైటు విప్పి, ఉఫ్ అని ఊది, ఫోన్‌లో ఏదో నొక్కి, మళ్ళీ బిగించాడు. వెలిగింది.

"దిగు, దిగు. మామిడికాయేసి చేపల పులుసు చేసినా. తినిపో."

"ఇప్పుడెందుకమ్మా..."

"స్టూలెక్కినోడు ఊరికే దిగితే ఇంటికి మంచిది కాదంట."

అలాంటి శాస్త్రం ఎక్కడా లేదు. టైటస్ వాదించలేదు.

మర్నాడు అదే వీధిలో ఎలిశబెతు ఇంట్లో లైటు ఆరింది. అక్కడ నెత్తళ్ళ చేపల వేపుడు. తిని వస్తుంటే ఎదురింటి మాలకొండయ్య దారికి అడ్డం నిలబడ్డాడు.

"టైటసన్నా, అందరి లైట్లకూ జబ్బులొస్తా ఉండాయి. మా దానికి తుమ్మన్నా రాదే. మా ఇంటి మీద ఏమన్నా కోపమా?"

"నీ లైటు గట్టిదిలే," అని నవ్వేసి, టైటస్ ఆ మాట మనసులో రాసుకున్నాడు.

ఎందుకంటే ఆ జబ్బు అంటించేది టైటసే. రోజూ చీకటి పడే వేళకు ఒక ఇల్లు ఎంచుకుని, ఫోన్‌లోంచి ఆ లైటు నోరు నొక్కేస్తాడు. పెళ్ళి అనే స్టేషన్లో అతని బండి ఆగలేదు. ఒంటికాయ శొంఠికొమ్ము. ఇంట్లో కాస్త గొంతెత్తేది కుక్కరొక్కటే, దానివీ కూతలే గాని మాటలు కావు. పిలవకుండా ఒకరి గడప తొక్కడం అతని వల్ల కాదు. లైటు ఆరితే పిలుస్తారు. అన్నీ వెలుగుతుంటే పనిలేని సిగ్నల్ మేస్త్రీని ఎవరు పిలుస్తారు?

ఒకరోజు ఎలిశబెతు అతని పళ్ళెంలో మారు వడ్డిస్తూ అంది: "అన్నా, ఆ సాఫ్ట్‌వేరు అంతమంది కలిసి చేసినారంటివే. ఈ జబ్బేందో వాళ్ళనే అడగరాదా?"

ఆవిడ చూస్తూ ఉండగా రాయక తప్పలేదు. రాశాడు.

ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళలో ఒకాయన ఫిన్లండ్ నుంచి జవాబిచ్చాడు. లైటు ఏ వేళకు ఆరుతోంది? వానా? ఉప్పుగాలా? రోజుకో ప్రశ్న. టైటస్ రోజుకో అబద్ధం అతికించాడు. చివరికి ఆయన ఇలా రాశాడు:

"మీరు చెప్పిన తప్పు నాకు దొరకలేదు. ప్రోగ్రామంతా మొదటినుంచీ మళ్ళీ చదివాను. ఇక్కడ బయట మంచు. నేనొక్కణ్ణే ఉంటాను. మీ ఊరి దీపాల గురించి ఆలోచిస్తుంటే సాయంత్రాలు గడిచిపోయాయి. మళ్ళీ ఆరితే తప్పక రాయండి."

ఉద్యోగమంతా సిగ్నల్ పడటం చూసినవాడు, ఇన్నేళ్ళకు సిగ్గుపడటం చూశాడు. తనే పడ్డాడు.

"తప్పు దొరికింది. మీ సాఫ్ట్‌వేర్‌ది కాదు," అని రాసి, ఇక ఏ లైటు జోలికీ పోకూడదనుకున్నాడు.

పోలేదు. ఆ సాయంత్రం వీధంతా వెలుగు, టైటస్ ఫోన్ మాత్రం చీకటి. మర్నాడూ అంతే. మోగకుండా నొక్కేశానేమోనని తీసి చూసుకున్నాడు. నొక్కలేదు. స్క్రూడ్రైవర్‌కు తుప్పు పట్టకుండా నూనె రాశాడు. కుక్కర్లో అన్నం ఒక మనిషికి ఎంత పెట్టాలో మర్చిపోయి, మిగిలింది కాకులకు వేశాడు. వసారాలో కూర్చుంటే అలల హోరు, పక్కిళ్ళలో కంచాల చప్పుడు. రెండూ దగ్గరే. రెండూ అందవు.

ఆ వారమంతా అలాగే గడిచింది. ఓ సాయంత్రం తలుపేసుకుని, పొయ్యి వెలిగించబోతుంటే ఫోన్ మోగింది.

"టైటసూ, మా లైటు ఎలగడం లేదయ్యా," అంది ప్రమీలమ్మ.

"వెలగాలే అమ్మా. నేనేం..." అని నాలిక్కరుచుకున్నాడు.

"ఎలగలేదంటే ఎలగలేదు. ఇదేం వారమయ్యా, మనిషివే కనపడవు. లైటు ఆరితే ఆరింది, పులుసు ఆరకముందే రా."

టైటస్‌కు ప్రాణం లేచొచ్చింది. అసలైన జబ్బే వచ్చింది, ఈసారి తన చెయ్యి లేదు. ఫిన్లండ్ ఆయనకు నిజం రాయొచ్చు, ఆయనకూ కాస్త పొద్దు పోతుంది. చొక్కా తొడుక్కుని, స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని, తలుపు తీసి వీధిలోకి వచ్చాడు.

వీధి పొడుగునా ఒక్క లైటూ ఆరలేదు, అన్నిటికంటే నిండుగా వెలుగుతున్నది ప్రమీలమ్మ గారి వసారాలోదే.