కూయని చక్రం

రంగు డబ్బా మూత తీసి, కుంచె పట్టుకుని ఆమె నిచ్చెన దగ్గర నిలబడింది.

షెడ్డు బోర్డు మీద ‘బ్రేకులు’ అన్న ఒక్క మాట చెరిపెయ్యాలి. అది నాన్న ఆజ్ఞ.

“నా చెవులు పోయాయి. చెవి లేనివాడికి బ్రేకుల పనేమిటి? జనం ప్రాణాలతో ఆటలా?” అని పొద్దున్నే తేల్చేసి, ఆయన చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

“నా చెవులున్నాయిగా నాన్నా!” అంది కూతురు. ఆ మాట ఆయనకు వినపడలేదు. వినపడినా లెక్కలో వేసుకునే మనిషి కాదు.

బ్రేకుల పనంటే ఆమెకు ప్రాణం. అది పోతే ఆ షెడ్డులో ఆమెకు మిగిలేది ఇంజన్ ఆయిల్ మార్చడం, టైర్లకు గాలి కొట్టడం.

సరిగ్గా అప్పుడే కీచుమంటూ పాత కారొకటి వచ్చి ఆగింది. దిగిన ముసలాయన దగ్గర నమస్కారం లేదు, పలకరింపు లేదు.

“ముందు కుడి చక్రం కూస్తోంది. బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. మార్చెయ్.”

“అరిగాయో లేదో చూసి నేను చెప్తాను కద సార్!”

“నువ్వా? మీ నాన్న లేడా?”

ఆమెకు ఒళ్లు మండింది. ఆయనకు కుర్చీ కూడా వెయ్యకుండా, తాళం తీసుకుని కారును వీధి చివరిదాకా నడిపి తెచ్చింది.

“ప్యాడ్ అరిగితే, దానికుండే రేకు నాలుక చక్రానికి రాసుకుని వదలకుండా కూస్తుంది. మీది బ్రేకు మొదటి నొక్కుకు కూసి తర్వాత ఊరుకుంటోంది. దుమ్ము పట్టింది, అంతే.” టార్చి వేసి చూపించింది. “చూడండి, ఎంత మందంగా ఉందో! దీన్ని మార్చను.”

“మార్చమంటున్నది నేను. కారు నాది.”

“కారు మీదే. పని నాది.”

ముసలాయన మొహంలో కదిలింది కోపమో, ఇంకేదో తెలియలేదు.

“అయితే వెళ్లొచ్చా?”

“ఉండండి.”

బానెట్ ఎత్తింది. బ్రేక్ ఆయిల్ బాగా దిగి ఉంది. వంగి కిందంతా చూసింది, ఎక్కడా కారిన జాడ లేదు. కారకుండా ఆయిల్ దిగిందంటే ఎక్కడో ఓ ప్యాడ్ పలచబడినట్టే. కూసే చక్రంలో కాదని తేలిపోయింది కాబట్టి, అది కూయని చక్రంలోనే ఉండాలి.

ఒక్కో చక్రంలోకీ టార్చి వేసుకుంటూ వచ్చి వెనక ఎడమ చక్రం విప్పింది. ప్యాడ్ అట్టముక్కలా అయిపోయి ఉంది. అరిగానని చెప్పుకోవడానికి దానికి నాలుకే లేదు.

“అరిచేదాన్ని పట్టుకుని దీన్ని వదిలేస్తే కొంప మునిగేది సార్!”

వెనక రెండు చక్రాలకూ కొత్త ప్యాడ్లు వేసి, ముందు చక్రం దుమ్ము దులిపి, కారు అప్పగించింది. ముసలాయన తాళం జేబులో వేసుకున్నాడు. నిచ్చెన దగ్గరున్న రంగు డబ్బా వైపు చూశాడు.

“అదెందుకు?”

“బోర్డు మీద బ్రేకుల మాట చెరిపెయ్యమన్నాడు నాన్న.”

“ముందు ఆ పాత ప్యాడ్ ఆయనకు చూపించు. చెరిపేది తర్వాత.”

కారు చప్పుడు లేకుండా మలుపు తిరిగింది.

‘ఇంత చేసినా నమ్మకం లేదు ఈ మనిషికి!’ అని ఆమె మూతి ముడుచుకుంది.

కాసేపటికి నాన్న చెవి మిషన్ పెట్టుకుని వచ్చాడు. ఆమె ప్యాడ్ చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నాలుక ఉండాల్సిన చోట వేలితో తడిమాడు.

“ఇది విరిగింది కాదు, కావాలని కోసింది. చెయ్యి గీరుకోకుండా ఆకురాయితో నునుపు కూడా చేశారు.” కూతురి వైపు తిరిగాడు. “నువ్వు ఏ చక్రం విప్పావు?”

“కూయనిదే నాన్నా.”

ఆయన ప్యాడ్ చేత్తో పట్టుకునే రోడ్డు మీదికి పరుగెత్తాడు. రోడ్డు రెండువైపులా ఖాళీగా ఉంది.

తిరిగొచ్చి, రంగు డబ్బాకు మూత పెట్టి గట్టిగా బిగించాడు.

“ఎవరు నాన్నా ఆయన? కూర్చోమని కూడా అనలేదు నేను!”

“నాకు పని నేర్పిన గురువుగారమ్మా. బ్రేకుల పని మానేస్తున్నానని కబురు పంపితే జవాబే ఇవ్వలేదు.” కూతురి మసి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన కళ్ల నిండా నీళ్లు, ఆ నీళ్లలో పట్టరాని గర్వం.

“నాకూ ఇదే పరీక్ష పెట్టారు తల్లీ, నేను కూసే చక్రమే విప్పాను.”