రెండు జవాబులూ కలిశాయి

హిగ్స్ కణం ఎంత తరచుగా వెలుగుగా విడిపోతుందో లెక్కకట్టడమే మా ఆయనకీ నాకూ ఉద్యోగం. పక్కపక్క బల్లలే అయినా ఎవరి లెక్క వాళ్ళదే. చివరిదాకా ఒకరిది ఒకరు చూడకూడదు. రెండు జవాబులూ కలిస్తేనే లోకం నమ్ముతుంది. ఈసారి తప్పు చేసినవాళ్ళు ఏడాదంతా అంట్లు తోమాలని పందెం కూడా వేసుకున్నాం.

ఇవాళ ఇద్దరం బోర్డు మీద జవాబులు రాశాం. ఆరో దశాంశం దాకా ఒక్క అంకె తేడా లేదు.

"చూశావా!" అని ఆయన గంతేశారు. "బుర్ర బద్దలుకొట్టుకుని చేశానే!"

"అంతా మీరే చేశారా?"

"మరెవరు చేస్తారు? టాప్ క్వార్క్ బరువు దగ్గర్నుంచీ అన్నీ సరిచూసుకున్నా."

"నేను టీకి లేచినప్పుడల్లా మీ కుర్చీ ఇటు జరిగిన చప్పుడు వినపడేదండీ. అందుకే మొన్న నా కంప్యూటర్ తెర మీద తప్పు జవాబు వదిలి వెళ్ళాను, ఇవాళ బోర్డు మీద కూడా కావాలనే అదే రాశాను. ఆ లెక్కలో టాప్ క్వార్క్ బరువు ఉండాల్సిన చోట మీ ఎత్తు పెట్టాను, సెంటీమీటర్లలో. నూట అరవై ఎనిమిది."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బోర్డునీ నన్నూ మార్చి మార్చి చూశారు. దొంగతనం సంగతి పక్కన పడింది కానీ, పౌరుషం మాత్రం పొడుచుకొచ్చింది.

"నా ఎత్తు నూట డెబ్భై!"

"మీరు నిద్రపోతుంటే టేపు పెట్టి కొలిచామండీ. ఒకసారి నేను, ఇంకోసారి మీ అమ్మగారు. ఒకరిది ఒకరం చూసుకోలేదు. రెండు జవాబులూ కలిశాయి."