అంకెలు మాత్రమే

"జర దాచుండ్రి సార్, మీకు దండం పెడ్త!" సాయినాథ్ మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కి కంప్యూటర్ సెంటర్‌లోకి వచ్చిపడ్డాడు. "కండక్టర్ నౌకరీకి సెలెక్టయిన. ఇప్పుడు కేసైతే పాయె, నౌకరే పాయె!"

కింద దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో తెలంగాణ ర్యాలీ మీద లాఠీలు విరుగుతున్నాయి. బాష్పవాయువు ఘాటు పై అంతస్తు దాకా వస్తోంది. క్లాసంతా ఖాళీ. బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని కళ్లద్దాల సారు ఒక్కడే ఉన్నాడు. ఆయన పెదవుల మీద వేలు పెట్టి, వెలుగుతున్న కంప్యూటర్ ముందున్న కుర్చీ చూపించాడు. సాయినాథ్ కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ, పాపం, మౌసు ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు.

బూట్ల చప్పుడు. ఎస్సై లోపలికొచ్చాడు.

"ఇటు ఎవడైనా పరిగెత్తుకొచ్చాడా?"

"లేదండీ. గొడవలని పిల్లలంతా ఎగ్గొట్టారు. ఇదిగో, వీడొక్కడే వచ్చి చచ్చాడు," అన్నాడు సారు నింపాదిగా.

"మీదే ఊరు మాస్టారూ?"

"తెనాలండీ."

"అట్లాగా! మాదీ ఆ వైపే." ఎస్సై ముఖం మెత్తబడింది. అయినా పోలీసు పోలీసే కదా! చూపు సాయినాథ్ మీదికి తిరిగింది. "ఏంట్రా అంత చెమట? ఏం నేర్చుకుంటున్నావ్?"

సాయినాథ్ వేలితో బోర్డు చూపించాడు. 'ప్రోగ్రామ్ పేరు పక్కన వయసు టైప్ చేయాలి. అంకెలైతేనే తీసుకోవాలి. అక్షరాలిస్తే తప్పని చెప్పాలి, ఆగిపోకూడదు' అని రాసి ఉంది.

"ఓహో, చూద్దాం." ఎస్సై వంగి, తెర మీద ఎవరో సగంలో వదిలేసిపోయిన ప్రోగ్రామ్ పేరు పక్కన తన పేరు కొట్టాడు. తెర నిండా ఎర్రర్లు. ప్రోగ్రామ్ చతికిలబడింది.

"అక్షరాలు కొడితే ఆగిపోయిందేం? అసలిది నువ్వు రాసిందేనా?" ఎస్సై చెయ్యి కాలరు మీద పడింది. అయిపోయింది, నౌకరీ గంగలో కలిసింది అనుకున్నాడు సాయినాథ్.

ఠపీమని సారు వాడి నెత్తిన ఒకటి మొట్టాడు. "మొద్దు వెధవా! వచ్చింది అంకో అక్షరమో ముందు చూసుకోమని ఎన్నిసార్లు చెప్పాన్రా? ఏదొస్తే అది లోపలికి రానిచ్చేయడమేనా? వీడితో నా ప్రాణం పోతోందండీ!"

ఎస్సై ఫక్కున నవ్వాడు. "మా ఇంట్లోనూ ఒకడున్నాడు లెండి మాస్టారూ," అంటూ కాలరు వదిలి మెట్లు దిగిపోయాడు.

సాయినాథ్ సారు కాళ్ల మీద పడ్డాడు. ఏడుపు ఆగలేదు. "ఆంధ్రోళ్లయ్యుండి నా నౌకరీ నిలవెట్టిన్రు సార్! మిమ్ముల ఎప్పటికి మర్వ."

సారు సుద్దముక్క పక్కన పడేశాడు. అలాగే నేల మీద చతికిలబడ్డాడు.

"సారెవరు తమ్మీ? మాది నకిరేకల్. ఈడ తెనాలోళ్ల మెస్సుల అన్నం వడ్డిస్త. గా మాట ఆడ నేర్సిన, పాఠం బోర్డు మీద సదివిన. నీకన్న జర ముంగట నేను గూడ గా ర్యాలీలకెల్లే ఉరికొచ్చిన!"