రెండో నంబరు

మూడోసారి కూడా ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

జాబితాలో మొదటి నంబరు మనిషి ఎత్తలేదు. గుమాస్తా గడియారం చూశాడు. పదకొండూ ఇరవై. ఎక్కడో ప్రమాదంలో పోయిన ఒక పుణ్యాత్ముడి కిడ్నీ ఆస్పత్రి పై అంతస్తులో ఐసుపెట్టెలో ఉంది. అది ఎవరికి అమర్చాలో ఈ అగ్గిపెట్టెలాంటి గదిలోంచే కబురు వెళ్లాలి. అరగంటలో మూడుసార్లు ఫోన్ చేయాలి. పలక్కపోతే రెండో నంబరుకు ఇచ్చేయాలి. రూలు అంతే. గోడకు అంటించి మరీ ఉంది.

రెండో నంబరు మనిషిని ముందే పిలిపించారు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా కింది వార్డులో సిద్ధంగా ఉన్నారట.

“ఇక రెండో నంబరుకు చెప్పేద్దామా మేడమ్?”

“ఇంకా పది నిమిషాలుందండీ,” అంది ఆ జాబితా చూసే ఆఫీసరమ్మ.

ఆమెను చాటుగా అందరూ ‘రూళ్లకర్ర’ అంటారు. గుమాస్తా బదిలీ మీద వచ్చి రెండు వారాలే అయినా, ఆ పేరు ఎందుకొచ్చిందో మొదటిరోజే తెలిసిపోయింది. ఎంత గొప్పవాడు సిఫారసు పట్టుకొచ్చినా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, ఉత్తచేతులతో పంపేది. దేవుడికి తను చేసే సేవ ఈ జాబితా ఒక్కటేననీ, ఇందులో దొంగతనం చేసి ఇంకే మొహంతో దణ్ణం పెట్టుకోననీ అనేది.

ఇప్పుడు ఆమె మొదటి నంబరు ఫైలు ముందేసుకుని కాగితం కాగితం తిరగేస్తోంది.

గుమాస్తాకు ఒళ్లు మండింది. మన బాధ్యత తీరిపోయింది, ఈ తవ్వకాలు రూల్లో లేవు కదా అని దెప్పాడు. పైనుంచి డాక్టరు కూడా ఫోన్ చేశాడు. ఇక చాలమ్మా, ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు అన్నాడు. ఆమె ఇంకో కాగితం తిప్పింది.

“రెండో మనిషిదీ ప్రాణమేగా మేడమ్? ఆ మనిషి తరఫున మాట్లాడేవాళ్లే లేరా?”

“ఆ మనిషి గురించి ఆలోచిస్తే ఈ ఫోన్ చేయలేనండీ,” అంది ఆమె తలెత్తకుండా.

ఫైల్లో పిన్ను కొట్టి ఉన్న మందుల బిల్లు ఒకటి దొరికింది. దాని మీద షాపు ముద్ర, ముద్రలో ఫోన్ నంబరు. షాపతను రెండు మాటలు విన్నాడో లేదో, కొట్టు అలాగే వదిలేసి పరిగెత్తాడు. మొదటి నంబరు మనిషి గోడలకు రంగులేసే మేస్త్రీ. ఒంట్లో ఓపిక లేకపోయినా ఇల్లు గడవాలి కదా, పక్కవీధిలో నిచ్చెనెక్కి ఉన్నాడు. ఫోనేమో కింద క్యారేజీ సంచిలో ఉంది.

పదకొండూ ఇరవై ఎనిమిదికి అతనే ఫోన్ చేశాడు. ఏడుపు తప్ప మాట రాలేదు. ఏమీ తినకుండా వెంటనే బయల్దేరమని ఆమె రెండుసార్లు చెప్పింది. ఫోన్ పెట్టేసి, రిజిస్టరులో సమయం రాసి, బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

ఒక ప్రాణం నిలబెట్టిన సంతోషం కాబోలనుకున్నాడు గుమాస్తా. ఇందాక తిట్టుకున్నందుకు సిగ్గేసి మంచినీళ్లు అందించాడు. రెండో నంబరుకు తను వెళ్లి చెప్పొస్తానన్నాడు. ఆమె వద్దంది. అది కూడా తన పనేనంది.

అయినా అతను వెంట నడిచాడు. ఆమె మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. వార్డు గుమ్మం దగ్గర ఆగి, చేతిరుమాలుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లింది.

కిటికీ పక్క మంచం మీద ఆమె ఒక్కగానొక్క కూతురు తల్లి కళ్లలోకి చూసి, “ఆయన ఫోన్ ఎత్తాడా అమ్మా?” అంటూ నవ్వబోయి, దుప్పటి మొహం మీదికి లాక్కుంది.