కిమ్ నుంచి వచ్చిన ఆర్డరు

"నేను క్యాంపుకు పోనమ్మా. ఇంక అడగకు," అన్నాడు ఉమాకాంత్, గోడవైపు తిరిగి పడుకుని.

"పోకుంటే ఏం జేస్తవ్?" కుట్టుమిషన్ ఆపకుండానే అడిగింది స్వరాజ్యం.

"బాపుతోని పోత. మిల్లుల బట్టనేసే సాంచలు నడుపుత."

"సాంచల కాడ గూడ ఎనకెవరున్నరో చూసుకోవాలె బిడ్డా."

అన్నాక నాలుక కరుచుకుంది. ఉమాకాంత్ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

సూరత్‌లోని లింబాయత్ గల్లీలో ఆ పాస్ చూడనివాళ్లు లేరు. ఫుట్‌బాల్ ఫైనల్ ఆఖరి నిమిషాల్లో సూరత్ జట్టు మిడ్‌ఫీల్డర్ ఉమాకాంత్, తలైనా తిప్పకుండా తమ గోల్‌కీపర్ వైపు బంతిని తన్నాడు. అక్కడ గోల్‌కీపర్ లేడు, అంకలేశ్వర్ జట్టు ఆటగాడు ఉన్నాడు, గోల్ కొట్టేశాడు. కప్పు అంకలేశ్వర్ వెళ్లిపోయింది. మర్నాడు టీ కొట్టు దగ్గర గ్లాసు అందిస్తూ కొట్టతను, "గట్టిగా పట్టుకో భాయ్, మళ్లీ ఎనక్కి ఇచ్చేవు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఉమాకాంత్ కూడా నవ్వబోయాడు కానీ గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చేశాడు. ఆ రోజు నుంచి గడప దాటలేదు. 'సోమవారం క్యాంపు. రాకపోతే కాంట్రాక్టు సంగతి మర్చిపో' అని కోచ్ పంపిన మెసేజ్‌కు జవాబివ్వలేదు.

మెత్తగా ఏదో వచ్చి దుప్పటి మీద పడింది. తీసి చూశాడు. తెల్ల జెర్సీ. వీపు మీద నల్లటి అక్షరాల్లో తన పేరు, కింద తన నంబరు ఎనిమిది.

"ఇదేంది?"

"ఆర్డరు. కిమ్ ఊరి కాడ ఏదో ఫ్యాక్టరీల పనిజేసేటోళ్లంట. ఒకాయన ఫోన్ల మాట్లాడిండు. అందరికీ నీ పేరే కావాలన్నడు." స్వరాజ్యం మూలనున్న మూట చూపించింది. "ఇగో, అన్నీ అవే."

ఉమాకాంత్ లేచి కూర్చున్నాడు. "నా పేరా? నిజంగనా?"

"మరి నా అంతట నేనే అచ్చేసుకున్ననా?"

"మా క్లబ్బుది నీలి రంగు గదా. తెల్లయెందుకు?"

"క్లబ్బు రంగేస్తే కేసయితదేమోనని నేనే తెల్లగ చేద్దామన్న. ఏ రంగైనా పర్వాలేదు మాసీ, పేరు మాత్రం పెద్దగా కనబడాలె అన్నడు."

"నా తల్లివని చెప్పినవా?"

స్వరాజ్యం దారం కొరికింది. సూదిలోకి మళ్లీ ఎక్కించడానికి చాలాసేపు పట్టింది.

"లే," అంది చివరికి. "చెప్పబుద్ధి గాలే."

అంతలో లోపలి గదిలోంచి తండ్రి సోమలింగం బయటికొచ్చాడు. ఒంటి మీద అలాంటిదే తెల్ల జెర్సీ. పొట్ట దగ్గర బిగుసుకుపోయి ఉంది.

"ఎనిమిది వంకర పడ్డదని మీ అమ్మ పక్కన వడేసింది. నేనేసుకున్న. మంచిగున్నదా?"

"గా అంగీ ఏసుకొని పనికి పోతవా?" అంది స్వరాజ్యం.

"పోత. సాంచల కాడ అందరు చూడాలె. నా కొడుకు పేరుకు కిమ్ దాంక గిరాకీ ఉన్నది!"

ఓడిన మర్నాటి నుంచి సందులోంచి సందులోకి దూరి పనికి వెళ్తున్న మనిషి, ఆ పొద్దున టీ కొట్టు ముందు నుంచే వీపు అందరికీ కనబడేలా నడిచి వెళ్లాడు. కిటికీలోంచి చూస్తున్న ఉమాకాంత్ చెప్పుల కోసం వెతికాడు.

"మూట నేనిచ్చి వస్తనమ్మా."

ముఖానికి రుమాలు కట్టుకున్నాడు. టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. షేర్ ఆటోలో తల ఎత్తలేదు. రైల్లో మాత్రం ఒకసారి మూట ముడి వదులు చేసి, పైనున్న జెర్సీ మీది అక్షరాలను వేలితో తడిమాడు. తర్వాత ఫోన్ తీసి కోచ్‌కు చేశాడు.

"సోమవారం వస్తున్నాను సార్."

"ఏమిటి, ధైర్యం వచ్చిందా?"

"నా కోసం ఇంకా జనం ఉన్నారు సార్," అన్నాడు ఉమాకాంత్. ఫోన్ పెట్టేశాక, అంత గట్టిగా ఎందుకన్నానా అని సిగ్గుపడి చుట్టూ చూశాడు.

కిమ్‌లో ఫ్యాక్టరీ వెనక షెడ్డులో ఢోలు మోగుతోంది. పెద్ద పళ్లెం నిండా జిలేబీలు. ఆర్డరిచ్చిన హితేశ్ ఎదురొచ్చి మూట అందుకున్నాడు.

"మాసీ పంపిందా? నువ్వామెకు ఏమవుతావు?"

"కొడుకుని." ఒక్క క్షణం ఆగి, ఉమాకాంత్ టోపీ తీశాడు. రుమాలు విప్పాడు.

హితేశ్ నోరు తెరిచాడు. తర్వాత షెడ్డు అదిరేలా అరిచాడు. "అరే, ఉమాకాంత్! ఉమాకాంత్ భాయే వచ్చాడు!"

ఢోలు జోరందుకుంది. ఎవరో జిలేబీ నోట్లో కుక్కారు. ఎవరో భుజాల మీదికి ఎత్తుకున్నారు. కింద అందరూ పోటీపడి జెర్సీలు తొడుక్కుంటున్నారు. ఎటు చూసినా వీపుల మీద తన పేరే. ఉమాకాంత్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ రోజు నుంచి అద్దంలో నా ముఖం నేను చూసుకోలేదు భాయ్," అన్నాడు కిందికి దిగాక, హితేశ్ చెయ్యి పట్టుకుని. "ఊరంతా నవ్వింది. మా అమ్మ కూడా నేను తన కొడుకునని చెప్పుకోలేకపోయింది. ఓడిపోయినవాడి మీద మీకింత ప్రేమేమిటి?"

హితేశ్ అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"మేమిక్కడ పనిచేస్తామే గానీ మాది అంకలేశ్వర్ భాయ్! ఆ రోజు నువ్వు మావాడికి ఇచ్చినంత మంచి పాస్, మా టీమ్‌లో ఇంతవరకు ఎవ్వడూ ఇవ్వలేదు!"