కాలనీ బస్సు

"ఇవాళ కూడా ఇరవై నిమిషాలు ఆలస్యం," అంది దర్జీ ఆవిడ, వ్యాను ఎక్కుతూనే.

డ్రైవర్ ఆమె చేతిలోని బట్టల మూట అందుకుని సీటు కింద సర్దాడు.

"మిమ్మల్నేనండీ. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారే?"

"టైరు దిగిందమ్మా."

"మీ కంపెనీ కట్టిన ఊరులాగే ఉంది మీ బండి కూడా."

వెనక సీట్లో రిటైరైన మాస్టారు నవ్వాడు.

పదేళ్ల కిందట కంపెనీవాళ్ల మాటలు కోటలు దాటాయి. బడి అన్నారు, ఆసుపత్రి అన్నారు, ఇంటింటికీ కుళాయి అన్నారు, టౌనుకి ఉచితంగా బస్సు అన్నారు. బీడు భూమిలో నాలుగు వందల ప్లాట్లు రెండు నెలల్లో అమ్ముడుపోయాయి.

అరవై ఇళ్లు లేచాయి.

మూడో వేసవికి బోర్లు ఎండిపోయాయి. కంపెనీ ఆఫీసుకి తాళం పడింది. వెళ్లగలిగినవాళ్లు తలుపులూ కిటికీలూ పీక్కుని మరీ వెళ్లిపోయారు.

ఇప్పుడు దీపం వెలిగేది ఐదు ఇళ్లలోనే.

ఇచ్చిన మాటల్లో బస్సు ఒక్కటే మిగిలింది. అదీ ఈ డొక్కు వ్యాను.

"మనం వేసిన కేసులో కోర్టుకి చూపించుకోడానికి నడుపుతున్నార్లే," అనేవాడు మాస్టారు.

"మీ యజమానులకి చెప్పండి, మా ఉసురు ఊరికే పోదని," అనేది దర్జీ ఆవిడ, రోజూ దిగేముందు.

"చెబుతానమ్మా," అనేవాడు డ్రైవర్.

ఓ సోమవారం వ్యాను రాలేదు. మంగళవారమూ రాలేదు.

బుధవారం ఆమె మూట నెత్తిన పెట్టుకుని పది కిలోమీటర్లు నడిచింది. టౌనులో పెట్రోలు బంకువాణ్ణి అడిగి డ్రైవర్ ఇల్లు పట్టుకుంది. నాలుగు దులిపేయాలనే వెళ్లింది.

ఒంటిగది ఇల్లు. వాకిట్లో అద్దె కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. గుమ్మంలో డ్రైవర్ భార్య కూర్చుని ఉంది. కాలనీ నుంచి వచ్చానని చెప్పింది దర్జీ ఆవిడ.

"బండి కింద దూరి ఏదో బిగిస్తున్నారండీ. ఎంతసేపటికీ బయటికి రాలేదు. ఆయన పోయి మూడు రోజులైంది," అంది.

దర్జీ ఆవిడ మూట దించి, ఆమె పక్కన కూర్చుంది.

"కంపెనీవాళ్లు వచ్చారా?" అని అడిగింది.

"ఏ కంపెనీ? అది ఎత్తేసి ఏడేళ్లయింది. వ్యాను మాదేనమ్మా. మధ్యాహ్నాలు కూరగాయల బుట్టలు తోలి, ఆ వచ్చినదాంతో మీ ఊరి ట్రిప్పులకి డీజిల్ పోయించేవారు."

"మరి మాకెప్పుడూ చెప్పలేదే?"

"ఏ మొహంతో చెప్పను అనేవారు. ప్లాట్లు చూపించడానికి మిమ్మల్నందర్నీ కంపెనీ బస్సులో మొదటిసారి అక్కడికి తీసుకెళ్లింది ఆయనేనమ్మా."